రేణు పిడికిలి

సూళగిరి దాటి రాయకోట వైపు తిరిగితే, రెండు చామంతి తోటల మధ్య ఎర్ర పెంకుల మిషన్ బడి ఒకటి కనిపిస్తుంది. ఐదో తరగతి వరకే. ఒకప్పుడు కూర్చోడానికి చోటు లేనంత మంది పిల్లలుండేవాళ్ళు. ఇప్పుడు హొసూరు నుంచి పసుపు వ్యాన్లు వచ్చి ఇంగ్లీషు బళ్ళకు ఎత్తుకుపోగా మిగిలినవాళ్ళే ఈ బడికి వస్తారు. మేకలు తోలేవాళ్ళ పిల్లలు, గ్రీన్‌హౌసులో గులాబీలు కోసేవాళ్ళ పిల్లలు, కంపెనీలో రాత్రి షిఫ్టుకు పోయి పగలంతా పడుకునేవాళ్ళ పిల్లలు. గోడ మీది సిలువను చూసి చేర్పించినవాళ్ళు తక్కువ, ఇంటికి దగ్గరని చేర్పించినవాళ్ళే ఎక్కువ. "ఏ దేవుడైతే ఏమప్పా, పిల్లోడు అపద్దం చెప్పకుండా ఉంటే సాలు" అని వదిలిపెట్టి పనికి పోయేవాళ్ళు.

ఆ బడిలో పుష్పావతి టీచరు. ఊరు హొసూరే. రోజూ బస్సు దిగి, చామంతి తోట గట్టు మీద నడిచి వస్తుంది. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఆమె పాట ఎత్తుకుంటే తోటలో పూలు కోసే ఆడవాళ్ళు కూడా చెయ్యి ఆపి వినేవాళ్ళు.

పుష్పావతి వాళ్ళమ్మకు ఒక అలవాటుండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేసి, ఆ తరువాతే మిగతావి కడిగేది. ఆదివారం ఆ కుండ చర్చి గుడికి పోయేది, అక్కడి నుంచి ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి పోయేది. గింజలకు కటకటలాడిన రోజుల్లో కూడా ఆ పిడికెడు మాత్రం తప్పలేదు. "పిడికెడు తీస్తే మన కడుపు కనిపెట్టదు, దేవుడు కనిపెడతాడు" అనేది ఆ తల్లి. అమ్మ పోయింది, పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, పుష్పావతికి ఆ మాట మాత్రం మిగిలింది. దాన్నే తెచ్చి బడిలో పెట్టింది.

ప్రతి శుక్రవారం పిల్లలు ఇంటి నుంచి ఒక్కొక్క పిడికెడు బియ్యం తెచ్చి మూలనున్న కుండలో వేయాలి. ఎవరి పిడికెడు వాళ్ళదే, అమ్మ కొలిచి పంపించకూడదు. తెల్లని పొన్ని బియ్యం, మొద్దు రేషన్ బియ్యం, మధ్యలో ఎవరో తెలియక తెచ్చిన నాలుగు రాగులు, అన్నీ కలిసిపోయేవి ఆ కుండలో.

"మిస్, దేవునికి బియ్యం ఏంటికి? ఆయప్ప వంట చేసుకుంటాడా?" అని అడిగినాడు అజిత్ మొదట్లో. వాడు మూడో తరగతి. ముందు పళ్ళు రెండూ లేవు గానీ మాటకు మాత్రం కొదవలేదు.

"ఆయన వండుకోడు నాయనా. వండుకునేదానికి లేనోళ్ళకు ఇస్తాడు."

"ఎవరి చేత్తో ఇస్తాడు?"

"నీ చేత్తోనే."

అజిత్ తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ రోజు నుంచి వాడు బియ్యం వేసే ముందు చెయ్యి కడుక్కుని వచ్చేవాడు.

బడి మొదలయ్యే ముందు ప్రార్థన. పుష్పావతి రోజూ ఒకటే అడిగేది: "ఈ పొద్దు ఎవరికోసం అడుగుదాం?" చేతులు లేచేవి. ఒకరి మేకకు కాలు విరిగింది. ఒకరి తాతకు కన్ను ఆపరేషన్. "మా నాయన ఫోను తొట్లో పడిపోయింది మిస్, దానికి అడగొచ్చా?" అన్నాడు యతీశ్. అందరూ నవ్వినారు. "ఫోనుకు వద్దు. మీ నాయన కోపం తగ్గేదానికి అడుగుదాం" అన్నది పుష్పావతి. "అయితే గట్టిగా అడగండి మిస్" అన్నాడు వాడు, వీపు తడుముకుంటూ.

రేణు మాత్రం ఎప్పుడూ ఒకటే అడిగేది. "మాయమ్మకు."

రేణు నాలుగో తరగతి పిల్ల. వాళ్ళ నాయన ముత్తప్ప. వాళ్ళ తాతలందరూ మేకలు తోలినవాళ్ళే. ముత్తప్ప కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పనికి కుదిరాడు, మేకలు ముసలితల్లి దొడ్డమ్మ చేతిలో మిగిలాయి. రేణు అమ్మ నాంచారమ్మకు కడుపులో గడ్డ. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చూపించారు, బెంగళూరుకు పోయారు, ఆఖరికి "ఇంటికి తీసుకుపోండి, ఆమె అడిగింది పెట్టండి" అని పంపించారు. ఆ మాటకు అర్థం పెద్దవాళ్ళకు తెలుసు. రేణుకు మాత్రం అమ్మ ఇంటికి వచ్చేసిందనే సంతోషం.

"మిస్, రోజూ ఒకటే అడిగితే దేవునికి విసుగొస్తాదా?"

"పిల్ల అడిగితే అమ్మకు విసుగొస్తాదా?"

"మాయమ్మకు రాదు. మాయవ్వకు వస్తాది. ఊరికే నసపెట్టద్దే అంటాది."

"దేవునిది మీయమ్మ గుణం" అన్నది పుష్పావతి. నవ్వుతూనే అన్నది గానీ లోపల జాగ్రత్తపడింది. బాగైపోతుందని ఒక్కనాడూ చెప్పలేదు. వింటాడు అని మాత్రమే చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు దేవుణ్ణి గురించి చెప్పిన మనిషి, ఏ మాట ఎంతవరకు మోస్తుందో ఆమెకు తెలుసు.

కుండ నిండింది. ఈసారి ఎవరికిద్దాం అని అడిగితే, పిల్లలు ఒకరి మొగం ఒకరు చూసుకుని, "రేణు వాళ్ళింటికి మిస్" అన్నారు. రేణు సిగ్గుపడి తల వంచుకుంది, అయినా దాని చెవుల దాకా నవ్వు పాకింది.

"సంచిలో పోసి ఆటోలో పంపిద్దామమ్మా" అన్నది పెద్ద టీచరు వరమ్మ.

"వద్దమ్మా. సంచి ఇస్తే సంచి ఇచ్చినట్టుంటాది. ఎవరి పిడికెడు వాళ్ళు పట్టుకొని పోయి ఇయ్యనీ. ఇచ్చే చెయ్యి యాడుండాదో పిల్లలకు తెలియాల" అన్నది పుష్పావతి.

ఎంత మంచి మాట! మంచి మాటకు కూడా ఒక్కోసారి వెనక గొయ్యి ఉంటుంది, చూడండి.

పిల్లలు కుండలో చెయ్యి పెట్టి పిడికిలి నింపుకున్నారు. కుండలో మిగిలినవి సంచిలో పోసి యతీశ్ నెత్తిన పెట్టుకున్నాడు. వరసగా తోట గట్టు మీద నడిచారు, గింజ రాలకుండా, పిడికిలి గుండెకు ఆనించుకుని. అజిత్ పుష్పావతి పక్కన నడుస్తూ, "మా తాతకు గూడా ఇట్లే వరసగా పోయి వేసినాం మిస్" అన్నాడు. వాడి తాత ఆ మధ్యే పోయాడని పుష్పావతికి తెలుసు. ఆయనకు జబ్బుగా ఉన్నప్పుడు అయినవాళ్ళు సాయం చేశారు కాబోలు అనుకుని, "మంచి పని చేసినారు నాయనా" అన్నది.

నాంచారమ్మ వసారాలో నులకమంచం మీద ఉంది. దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టుంది. ముత్తప్ప డ్యూటీకి పోయాడు, దొడ్డమ్మ మేకలకు ఆకు కొట్టడానికి పోయింది. పిల్లల్ని చూసి నాంచారమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమే రేణూ, బడే ఇంటికొచ్చేసింది!"

"నీకు బియ్యం తెచ్చినామమ్మా. అందరూ!"

"అయితే చేట తీసుకొని రా. తలకాడ పెట్టు, నాకు కనపడేటట్ల."

రేణు చేట తెచ్చి అమ్మ తలగడ పక్కన పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే మంచం తలవైపు నుంచి వచ్చి పిడికిలి విప్పారు. బియ్యం చేటలో పడిన సన్నని చప్పుడు. ఒక పిల్ల వేయడం, నాంచారమ్మ దాని గడ్డం పట్టుకోవడం, ఆ పిల్ల పక్కకు జరగడం. మాదేశ్ అనే ఒకటో తరగతి పిల్లవాడు వేసినట్టు వేసి మళ్ళీ రెండు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు, నాంచారమ్మ నవ్వింది. ఆ క్షణాన దేవుడు ఆ వసారాలో ఉన్నాడని పుష్పావతికి అనిపించింది.

వరసలో ఆఖరున రేణు నిలబడింది. అలసటకు నాంచారమ్మ కళ్ళు మూతలు పడ్డాయి.

అప్పుడు వచ్చింది దొడ్డమ్మ, నెత్తిన ఆకుమోపుతో. ఆమె ఏం చూసింది? మంచం. మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న కోడలు. తలవైపు నుంచి వరసగా మనుషులు. అందరి పిడికిళ్ళలో బియ్యం.

ఆ పక్క ఊళ్ళలో మనిషి పోతే, మట్టికి తీసుకుపోయే ముందు అయినవాళ్ళందరూ వరసగా వచ్చి తలా పిడికెడు బియ్యం శవం నోటి దగ్గర వేస్తారు. దారికి ఆకలి కాకుండా. తమిళంలో దాన్ని వాయ్‌కరిసి అంటారు, తెలుగు మాట్లాడేవాళ్ళూ ఆ పేరే అంటారు. పుష్పావతికి అది తెలియనిది కాదు, ఎన్ని చావులు చూడలేదు! కానీ వాళ్ళ గుడి పద్ధతిలో అయితే, పోయినవాళ్ళకు పిడికెడు మట్టి వేస్తారు. బియ్యం అంటే ఆమెకు వాళ్ళమ్మ కుండే గుర్తుకొచ్చేది. రెండు పిడికిళ్ళూ ఒకటేనని ఆమెకు ఒక్కసారైనా తోచలేదు.

ఆకుమోపు దబ్బున కింద పడింది.

"ఏయ్! ఏమే చేస్తా ఉండారు! బతికుండంగానే నా కోడలికి వాయ్‌కరిసి వేస్తా ఉండారా! మీ చేతులిరిగిపోను!"

పిల్లలు చెదిరిపోయారు. మాదేశ్ ఏడుపు ఎత్తుకున్నాడు. దొడ్డమ్మ చేటను కాలితో తన్నింది, బియ్యం వసారా నిండా చిమ్మింది. మంచం పక్కన పిడికిలితో నిలబడ్డ మనమరాలు కనిపించింది ఆమెకు.

"నువ్వు గూడానా? కన్నతల్లికి నీ చేత్తోనే వేస్తావంటే? నీ చేత్తోనే సాగనంపుతావంటే?"

చెయ్యి మీద ఒక్కటి వేసింది. రేణు పిడికిట్లో బియ్యం ఎగిరి అమ్మ దుప్పటి మీద, అమ్మ మొగం మీద పడ్డాయి.

"అరవద్దత్తా... పిలకాయలు..." అంటూనే ఉంది నాంచారమ్మ. పెదవి మీద పడిన గింజను తుడుచుకోవడానికి కూడా ఆమెకు చెయ్యి లేవలేదు. ఆ గొంతు ఎవరికి వినపడుతుంది? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా!

మరుసటి వారం, బడి గంట కొట్టకముందే కబురు వచ్చింది. నాంచారమ్మ పోయింది.

పుష్పావతి ఆ ఇంటికి వెళ్ళి, దూరంగా వేపచెట్టు పక్కన నిలబడింది. దగ్గరికి పోయే మొగం లేదు. అయినవాళ్ళు వరసగా వచ్చి బియ్యం వేస్తున్నారు. ఆఖరున రేణును తెచ్చి, పిడికిట్లో బియ్యం పోశారు. పిల్ల పిడికిలి మూసింది, తెరవలేదు.

"వెయ్యి తల్లీ" అన్నాడు ముత్తప్ప.

"వెయ్యను."

"వెయ్యాల తల్లీ. అమ్మకు దారిలో ఆకలైతాది."

"వేస్తే పోతాది నాయనా."

"పోయిందే తల్లీ."

"ఇంగా పోలేదు. ఈడే ఉండాది."

పెద్దవాళ్ళు వేళ్ళు విడదీయడానికి చూశారు. అంత చిన్న పిల్లకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. పొద్దు పోతోందని ఎవరో తొందరపెట్టారు. ముత్తప్ప కూతుర్ని ఎత్తుకుని పక్కకు పోయాడు, పాడె లేచింది. సాయంత్రం పక్కింటి సెల్వి నీళ్ళు పోసి మెల్లగా విప్పేదాకా ఆ బియ్యం దాని పిడికిట్లోనే ఉన్నాయట. చెమటకు నాని, మెత్తబడి.

కర్మాలయ్యాక రేణు బడికి వచ్చింది. చక్కగా వచ్చింది, తల దువ్వుకుని, యూనిఫారం వేసుకుని. చెప్పినట్టు రాసింది. లెక్కలు తప్పలేదు. వరమ్మ, "పిల్లలు త్వరగా మరిచిపోతారు, దేవుని దయ" అన్నది. పుష్పావతి మాత్రం చూస్తూనే ఉంది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే రేణు తెరుచుకునే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం ముట్టదు, గుడ్డు ఒక్కటి తిని కంచం పక్కకు జరుపుతుంది. ఇంట్లో రాగి సంగటి ఒకటే తింటుందట. ఎవరికోసం అడుగుదాం అంటే చెయ్యి ఎత్తదు.

ఒకరోజు యతీశ్ రబ్బరు అడిగాడు. రేణు రబ్బరు తీసి వాడి ముందు నేల మీద పెట్టింది.

"చేతికియ్యే!"

"తీసుకో పో."

"ఏంటికే, నాకు గజ్జి ఉండాదా?"

"నా చేత్తో వద్దు" అన్నది రేణు. మామూలుగా, ఈ పొద్దు శనివారం అన్నట్టు అన్నది.

పుష్పావతికి నల్లబల్ల కనిపించలేదు కాసేపు. ఆ పిల్ల వింటూ ఉండగానే, దేవుడు నీ చేత్తోనే ఇస్తాడు అని అజిత్‌కు చెప్పింది ఆమే కదా! ఆ మాట అలాగే ఉంది పిల్ల లోపల. ఇప్పుడది తిరగబడింది.

బడి వదిలాక పక్కన కూర్చోబెట్టుకుంది. "మీయమ్మ జబ్బుతో పోయింది రేణూ. నీ చేతిలో ఏం తప్పు లేదు."

"సరే మిస్."

"మీ అవ్వ కోపంలో అనేసింది."

"మాయవ్వ అపద్దం చెప్పదు మిస్" అన్నది రేణు. లేచి, సంచి భుజానికి వేసుకుని వెళ్ళిపోయింది.

బియ్యం కుండను వరమ్మ స్టోరు గదిలో బోర్లించింది. "ఊళ్ళో ఏమేమో అంటా ఉండారమ్మా. ఇద్దరు పిల్లల్ని ఇప్పటికే మాన్పించినారు. ఇంగ దీన్ని కదిలించద్దు" అన్నది. ఆమె అన్నదీ న్యాయమే. బడి నిలవాలి కదా. కానీ పుష్పావతి బస్సులో కూర్చుంటే దారి పొడుగునా ఆ నేల మీది రబ్బరే కళ్ళలో మెదిలేది. ఎవరి మాట పిల్లకు తగిలిందో, ఆ మాట వాళ్ళే తీసుకోవాలి. వేరే దారి లేదు.

పుష్పావతి ఆ ఇంటికి వెళ్ళింది. దొడ్డమ్మ మేకల దొడ్డి దగ్గర కూర్చుని ఆకు విరుస్తోంది. తల ఎత్తి చూసి, "ఏం టీచరమ్మా, ఇంగెవరుండారని వచ్చినావు? నేనొకదాన్నే మిగిలినాను, వేసి పో" అన్నది.

పుష్పావతి కింద మట్టిలోనే కూర్చుంది. కొంచెంసేపటికి దొడ్డమ్మే మెత్తబడింది.

"నీ మీద కోపం లేదులేమ్మా. నీకు తెలీదు. తెలీనోళ్ళ మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకునేది?"

"అవ్వా, రేణు నీకు ఏమన్నా చేతికిస్తా ఉండాదా?"

"ఏం చేతికి?"

"నీళ్ళో, గిన్నో. ఏదన్నా."

దొడ్డమ్మ ఆకు విరవడం ఆపింది. "చెంబు కింద పెట్టి పోతాది. బడిలో ఏదో మర్యాద నేర్పించినారేమో అనుకుంటిని."

"మర్యాద కాదవ్వా. దాని చేత్తో ఇస్తే నువ్వు గూడా పోతావని భయం."

ఒక మేకపిల్ల వచ్చి దొడ్డమ్మ ఒడిలో ఆకు లాక్కుంది. ఆమె అదిలించలేదు.

"నువ్వు ఒక్క మాట చెప్పవ్వా. నీ బియ్యంతో మీయమ్మ పోలేదని చెప్పు. నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్తే నమ్ముతాది."

"నేనెట్ల చెప్పేది?" అన్నది దొడ్డమ్మ. "నేనే నమ్ముతా ఉండానే. గడ్డ ముదిరిపోయిందని డాక్టరు నా ఎదురుంగానే చెప్పినాడు. తెలుసు. అయినా ఆ పొద్దు ఆ బియ్యం మీద పడకుంటే ఇంగో పండగ చూసుండునేమో అని లోపల ఒగ పురుగు తొలస్తానే ఉండాది. ఆ పురుగును పెట్టుకొని పిల్లకు అపద్దం చెప్పమంటావా? అది నా మొగం చూసి కనిపెట్టేస్తాది. నువ్వే చెప్పు, నీ దేవుడు అపద్దమైనా సరే చెప్పు పో అంటాడా?"

ఎన్ని బైబిలు వాక్యాలు కంఠతా వచ్చు పుష్పావతికి! ఒక్కటీ నోటికి రాలేదు.

అంతలో రేణు అంగడి నుంచి వచ్చింది. టీచరును చూసి వాకిట్లోనే నిలబడిపోయింది. దొడ్డమ్మ మనమరాలిని పైనుంచి కిందికి చూసింది. చూసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ఒసే రేణూ, లోపలికి పోయి పిడికెడు బియ్యం పట్టుకొని రా."

రేణు లోపలికి పోయి, గిన్నెలో బియ్యం తెచ్చి, గిన్నె నేల మీద పెట్టింది.

"గిన్నెలో అడిగినానా? పిడికిట్లో పట్టు."

"ఏంటికవ్వా?"

"నా నోట్లో వెయ్యి."

పిల్ల వెనక్కి జరిగింది. పుష్పావతి లేవబోయింది. "అవ్వా, వద్దు..."

"నువ్వు గమ్మునుండు టీచరమ్మా. నీ బడిలో నువ్వు చెప్తివి, నా ఇంట్లో నన్ను చెప్పనీ." దొడ్డమ్మ గొంతు గట్టిగానే ఉంది. కానీ ఒక చేత్తో వెనకున్న స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది, పుష్పావతి చూసింది. ధైర్యం చెప్పడానికి వేషం వేస్తున్న మనిషి కాదు ఆమె. ఆ బియ్యం పడితే తాను పోవచ్చునని నిజంగా నమ్మే మనిషి. నమ్మి, నోరు తెరవడానికి కూర్చుంది.

"వద్దవ్వా" అన్నది రేణు, ఏడుపు గొంతుతో.

"రా ఇట్ల. నా కాలం తీరింటే పోతాను. తీరకుంటే ఉంటాను. అప్పుడు నీకే తెలుస్తాది. నా మాట నమ్మద్దు నువ్వు, నేను ఆ పొద్దు ఏదేదో వాగితిని. నన్ను చూసి నమ్ము."

"వద్దవ్వా, వద్దవ్వా..."

దొడ్డమ్మ పిల్ల మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. దాని చెయ్యి గిన్నెలో ముంచి, పిడికిలి మూసి, తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. ఉన్నవి నాలుగు పళ్ళు. రేణు వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. సగం బియ్యం నోట్లో పడ్డాయి, సగం కొంగులోకి జారాయి.

నమిలింది దొడ్డమ్మ. పచ్చి రేషన్ బియ్యం, రాళ్ళలాగా ఉంటాయి. చిగుళ్ళతో నలుపుతూ, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూ, ఒక్క గింజ ఉమ్మకుండా నమిలింది. వసారాలో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మింగబోయేసరికి పొరబోయింది. దగ్గు. మొగం ఎర్రబడింది, గొంతు పట్టుకుంది.

"అవ్వా!" అని కేక పెట్టి రేణు లోపలికి పరుగెత్తింది. చెంబుతో నీళ్ళు తెచ్చి అవ్వ చేతికే ఇచ్చింది. చేతిలో చెయ్యి వేసి తానే తాగించింది, వీపు రుద్దింది. తన చేత్తోనే ఇచ్చిన సంగతి దానికి తెలియనే లేదు. పుష్పావతి చూసింది.

దగ్గు తగ్గింది. దొడ్డమ్మ మూతి తుడుచుకుని, "సావు గూడా ఇంత గట్టిగా ఉండదే" అన్నది.

రేణు ఆమె కొంగు పట్టుకుని కూర్చుంది. మేకలు అరిచినా లేవలేదు.

"రేపు ఉంటావా అవ్వా?"

"చూడు. తెల్లారి నేను నిన్ను తిట్టి లేపితే ఉండానని అర్థం."

అంతే చెప్పింది. ఉంటానని మాట ఇవ్వలేదు. అప్పుడు కూడా ఆమె అబద్ధం చెప్పలేదు.

మరునాడు ప్రార్థన వేళకు రేణు రాలేదు. పుష్పావతి పాట ఎత్తుకుంది గానీ కళ్ళు గట్టు మీదే ఉన్నాయి. పాట ఎక్కడ తప్పిందో పిల్లలు కనిపెట్టి ఒకరినొకరు గిల్లుకున్నారు. ఎందుకు పోయాను నిన్న, నేను పోకపోతే ఆ ముసలామె ఈ పని చేసేది కాదు కదా, రాత్రికి రాత్రి ఆమెకు ఏమన్నా అయితే ఈ పిల్ల గతేమి అని తనలో తానే అనుకుంటోంది. దేవుణ్ణి అడగడానికి కూడా భయమేసింది ఆమెకు. మొదటిసారి, రేణుకు పట్టిన ఆ భయం ఎలా ఉంటుందో తెలిసింది.

రేణు రొప్పుతూ వచ్చింది. వాకిలి పట్టుకుని నిలబడింది.

"మాయవ్వ ఉండాది మిస్."

"ఉండాదా?"

"ఉండాది. చిగురు వాచిపోయింది. సంగటి గూడా మింగలేకుండా అందర్నీ తిడతా ఉండాది. మిమ్మల్ని గూడా తిట్టింది మిస్."

పిల్లలు గొల్లుమన్నారు. పుష్పావతి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. "కూర్చో" అన్నది. రేణు తన చోట కూర్చుంది. కాసేపటికి చెయ్యి లేచింది, సగం దాకా.

"చెప్పు రేణూ."

"మాయవ్వ చిగురుకు అడగండి మిస్."

"అడుగుదాం."

చెయ్యి ఇంకా దిగలేదు.

"మాయమ్మకు గూడా."

అజిత్ వెనక్కి తిరిగి చూశాడు. "మీయమ్మ చచ్చిపోయింది కదే. చచ్చిపోయినోళ్ళకు ఏం అడుగుతారు?"

పిల్లవాడి మాటలో తప్పు లేదు. పుష్పావతి గుళ్ళో కూడా అంతే. పోయినవాళ్ళ కోసం అడగకూడదు, వాళ్ళు దేవుడి చేతిలో ఉన్నారు, మన చేతిలో ఏమీ లేదని చిన్నప్పటి నుంచి విన్నది. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అడగలేదు ఆమె. అడగాలని నోటి దాకా వచ్చినా మింగేసింది. పెద్ద టీచరు వరమ్మ పక్కగదిలో నుంచి వింటూ ఉంటుంది. అవన్నీ తెలుసు.

"కళ్ళు మూసుకోండి" అన్నది.

పిల్లలు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. దొడ్డమ్మ చిగురు కోసం అడిగింది, నొప్పి తగ్గాలని, సంగటి దిగాలని, తిట్లు తగ్గకపోయినా ఫరవాలేదని. రెండు మూడు గొంతులు కిసుక్కుమన్నాయి. తరువాత, "నాంచారమ్మ" అన్నది. ఆ పేరు దగ్గర ఆగిపోయింది. బాగు చేయమని అడగలేదు, తిరిగి ఇమ్మని అడగలేదు. ఇంకేం అడగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. బయట రోడ్డు మీద కంటైనరు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ ఎత్తు ఎక్కుతోంది. ఆమేన్ కోసం పిల్లలు కాచుకుని ఉన్నారు.

పుష్పావతి కళ్ళు తెరిచింది. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. రేణు కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి, తడిగా, ఆమె నోటికేసి చూస్తూ.

"చెప్పండి మిస్" అన్నది రేణు మెల్లగా. "మాయమ్మకు. చెప్పండి."